కొలిమికి ఆకలి లేదు

విశాఖ ఉక్కులో ఫర్నేసులకు పేర్లున్నాయి. 1990లో వెలిగించింది గోదావరి, తర్వాతది కృష్ణ, మూడోది అన్నపూర్ణ. అక్కడ పనిచేసినన్నాళ్లూ వాటిని ప్రాణులుగానే చూశాం. "ఇవాళ గోదావరికి ఒంట్లో బాగాలేదు" అనుకునేవాళ్లం. పైనుంచి బైలదిల్లా ఖనిజం, కోక్ తింటుంది. కిందనుంచి వెయ్యి డిగ్రీలు దాటిన గాలి పీలుస్తుంది. ఇనుమిస్తుంది, స్లాగ్ వదిలేస్తుంది. బడిలో నేర్చుకున్న జీవలక్షణాల్లో సగం దానికి సరిపోతాయి.

అయినా అది జీవం కాదు. దానికి ఆకలి లేదు. మేత ఆపితే నష్టం మనది, దిగులు మనది. లోపలి ఇటుక అరిగితే తనంతట తాను ఇంకో ఇటుక పేర్చుకోలేదు. అదే మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేలు ఇసుకలో నూరు దాకా గుడ్లు పెట్టి సముద్రంలోకి వెళ్లిపోతుంది. తర్వాత ఆ గుడ్డులో గుండె, కళ్లు, ఈదే కాళ్లు కట్టే మేస్త్రీ ఎవరూ లేరు. గుడ్డే కట్టుకుంటుంది. పిల్ల ఆడదో మగదో ఇసుక వేడిని బట్టి అక్కడే తేలుతుంది.

జీవం పుట్టుకపై 1929లో రాసిన శాస్త్రవేత్త హాల్డేన్ 1964లో భువనేశ్వర్‌లో చనిపోయారు. ఆయన కోరిక మేరకే దేహం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. పదార్థమంతా అందులో ఉంది, తనను తాను నిలబెట్టుకునే పని మాత్రమే ఆగిపోయింది. నా దృష్టిలో జీవమంటే ఆ పనే.

అలాగని మనిషి చేసిందేదీ జీవం కాలేదని అనను. 2010లో క్రెయిగ్ వెంటర్ బృందం ల్యాబ్‌లో ఒక బ్యాక్టీరియా జన్యువులన్నీ కూర్చింది. కానీ వాటిని పెట్టడానికి అప్పటికే బతికున్న మరో కణం కావాల్సి వచ్చింది. రేపు ఆ అరువు లేకుండా తనను తాను పోషించుకుంటూ, తరతరానికీ మారుతూ పోయే కణం తయారైతే దాన్ని ప్రాణి అనే పిలుస్తాను.

ఈ పట్టింపు ఇప్పుడెందుకంటే, విశాఖలో ఏఐ కేంద్రానికి ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. అది ఎంత కరెంటు తిన్నా ఆకలి తెలియని యంత్రమే, కాబట్టి దాని తప్పుకు జవాబు చెప్పాల్సింది మనిషే. ఏ ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైనా తప్పు ట్యాంకుదని విచారణలో రాయరు, షిఫ్టులో ఎవరున్నారని అడుగుతారు. ఏఐ ఎవరికైనా అప్పు నిరాకరించినా, స్కాన్ తప్పు చదివినా "ఏఐ అలా అనుకుంది" అనే జవాబు చెల్లకూడదు. లాగ్‌బుక్‌లో మేం పెట్టినట్టే, ఆ నిర్ణయం కింద ఒక మనిషి సంతకం ఉండాలని చట్టం చెప్పాలి.