ఇంటి కబుర్లు – 3: నాన్న తాపీ

కొత్తింట్లోకి వచ్చి నాలుగు నెలలైంది. కొత్తంటే మాకు కొత్త, ఇల్లు మాత్రం ఇరవయ్యేళ్ళది. ఈఎంఐ పోగా మిగిలే జీతంతో ప్రతి మరమ్మతుకీ మనిషిని పిలవలేం. అందుకే నేనూ నా సహచరీ చేతనైన పనులు చేసుకుంటున్నాం. మేస్త్రీ కూలి ఎక్కువని మాత్రం నేను ఏడవను. ఆ కూలితోనే నేను చదువుకున్నాను.

చాలా పనులు భయపడినంత పెద్దవి కావు. ఫ్లష్ ట్యాంకు కారుతోందని అనుమానమొస్తే అందులో నాలుగు చుక్కల సిరా వేసి అరగంట వాడకుండా వదిలేయండి. కమోడ్‌లోకి రంగు దిగిందంటే లోపలి వాషర్ పోయినట్టే. మాకది ముప్పై రూపాయలతో తేలిపోయింది. కుళాయి విప్పేముందు గేట్ వాల్వ్ కట్టడం మర్చిపోయి ఇద్దరం తడిసి ముద్దయ్యాం, అది వేరే సంగతి. కరెంటు మెయిన్ జోలికి మాత్రం పోలేదు.

అసలు కథ డాబా మీద జరిగింది. పిట్టగోడ మొదట్లో పగులు. వానొస్తే కింద పడగ్గది గోడంతా చెమ్మ. పగులును గాడిలా చెక్కి, దుమ్ము దులిపి, తడిపి, వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటు కూరి, వారం రోజులు తడుపుతూ ఉండాలి. ఇది యూట్యూబ్‌లో చూసింది కాదు. వేసవి సెలవుల్లో నాన్న వెనకాల తట్ట మోస్తూ నేర్చుకున్నది.

పక్కింటాయన చూసి, "మీకేంటండీ, మీవాళ్ళకి చేతిపని పుట్టుకతోనే వస్తుంది" అన్నాడు నవ్వుతూ. అమెరికాలో వాళ్ళబ్బాయి తన ఇంటికి తనే రంగులేసుకుంటున్న ఫోటో నెల కిందటే నాకు గర్వంగా చూపించాడు. అక్కడది హాబీ. ఇక్కడ నా పుట్టుక.

ఆ సాయంత్రం నాన్న వచ్చి నా చేతిలో తాపీ లాక్కున్నాడు. "నేనిది పట్టింది నువ్వు పట్టకూడదనే గదరా" అన్నాడు. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినవాణ్ణి, ఆ ఒక్క మాటకి జవాబు దొరకలేదు. కాసేపటికి ఆయనే పక్కన గొంతుక్కూర్చుని, "అట్టా కాదు, ఇంకా లోతుగా చెక్కు" అంటూ తాపీ తిరిగిచ్చాడు.

పోయిన వారం సెప్టిక్ ట్యాంకు నిండింది. "బండెందుకండీ, ఇద్దరు మనుషుల్ని పంపిస్తా, సగం డబ్బులకే దిగి ఎత్తిపోస్తారు" అన్నాడు పక్కింటాయనే. ఆ దిగేవాళ్ళు ఎవరో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ట్యాంకులో విషవాయువు కంటికి కనపడదు. మొదట దిగినవాడు పడిపోతాడు, వాణ్ణి లాగబోయి రెండోవాడూ పోతాడు. రక్షణ లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. అలా చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెంచాల్సి వచ్చిందంటే చావులు ఆగలేదనే కదా!

బండినే పిలిచాం. నాలుగు నెలలుగా వాషర్ల మీదా సిమెంటు మీదా మిగిల్చిందంతా దాదాపు దానికే పోయింది. మా ఖర్చుల పుస్తకంలో నా సహచరి ఆ రెండు లెక్కలూ పక్కపక్కనే రాసింది.

పక్కింటాయన ట్యాంకు వచ్చే నెల తీయించాలట. బండివాళ్ళ నంబరు ఆయనకి వాట్సాప్ చేశాను. చూశాడు. ఇంకా ఏమీ అనలేదు.