ఇసుకలో మళ్లీ ఓనమాలు

'వీడికి అన్నీ వచ్చే. అక్షరం ముక్క దగ్గరే ఆగిపోతున్నాడు...'

రెండేళ్ల క్రితం ఓ రాత్రి తెనాలి నుంచి మా అక్క ఫోన్లో అన్న మాటిది. ఆ తర్వాత చాలాసేపు అవతలి నుంచి మాట లేదు. ఏడుస్తోందని అర్థమైంది.

'వీడు' అంటే అక్క కొడుకు చిన్నా. అప్పటికి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. రామాయణం మొదటి నుంచి చివరిదాకా కథలా చెప్పేస్తాడు. పాడైన టార్చిలైటు విప్పి మళ్లీ వెలిగిస్తాడు. నోటిలెక్కల్లో నన్ను ఓడిస్తాడు. కానీ పుస్తకం తెరిస్తే చాలు... కడుపునొప్పి! 'వల'ను 'పల' అంటాడు. 'మేక'ను 'యేక' అంటాడు. నిన్న చదివిన పదం ఇవాళ చూపిస్తే ఎప్పుడూ చూడనట్టే ముఖం పెడతాడు. డిక్టేషన్లో ఇరవైకి రెండు మార్కులు. తప్పు రాసిన ప్రతి మాటనూ యాభైసార్లు రాసుకురమ్మన్నారు బళ్లో. రాత్రి పదకొండింటిదాకా కూర్చుని రాశాడు. యాభైసార్లూ తప్పే రాశాడు! ఆ పుస్తకం క్లాసులో అందరికీ చూపించారట. మర్నాటి నుంచి వాడు బడి గేటు దాటలేదు.

ఇంతకీ వాడి తాతయ్య ఎవరనుకున్నారు? ముప్ఫై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. మా నాన్న. ఊళ్లో ఎందరి చేతో అక్షరాలు దిద్దించిన ఆయన సొంత మనవడి దగ్గర ఓడిపోయారు. 'బద్ధకం. రెండు తగిలిస్తే అవే వస్తాయి' అనేవారు మొదట్లో. తగిలించారు కూడా. అక్షరాలు రాలేదు. తాతయ్య పిలిస్తే పరుగెత్తుకొచ్చే పిల్లాడు తలుపుచాటుకు వెళ్లడం మాత్రం నేర్చుకున్నాడు.

బద్ధకం కాదు, తెలివితక్కువా కాదు

చిన్నాకున్న ఇబ్బంది పేరు డిస్లెక్సియా. ఇది కొత్త జబ్బేమీ కాదు. ఆ మాటకొస్తే జబ్బే కాదు. 1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే ఇంగ్లండు వైద్యుడు పద్నాలుగేళ్ల అబ్బాయి గురించి ఓ వైద్య పత్రికలో రాశారు. చురుకైనవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, లెక్కలు చేస్తాడు. చదవడం మాత్రం రాదు. సొంత పేరే తప్పుగా రాసేవాడు. అంతా నోటితో చెప్పే చదువే అయితే బళ్లో అందరికన్నా తెలివైనవాడు వీడేనని వాళ్ల మాస్టారు అన్నారట. చదువుతుంటే మా చిన్నాయే కళ్లముందు మెదిలాడు. మన దగ్గర 2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' సినిమాతో ఈ మాట ఇంటింటికీ తెలిసింది. అయినా మన ఇంట్లో పిల్లాడికే ఉంటే గుర్తుపట్టడం కష్టమే.

అసలేం జరుగుతుంది? మనం చదివేటప్పుడు మెదడు అక్షరాన్ని చూసి, దాని శబ్దాన్ని గుర్తు తెచ్చుకుని, ఆ శబ్దాలన్నీ కలిపి మాట చేస్తుంది. కొంతమంది పిల్లల్లో ఈ ముడి అంత సులువుగా పడదు. మాటలోని శబ్దాలను విడగొట్టి వినడమే వాళ్లకు కష్టం. తెలివితేటలకు దీంతో సంబంధం లేదు. చాలావరకు వంశపారంపర్యంగానూ వస్తుంది. ఒకటి గుర్తుంచుకోవాలి. ఆరేళ్లలోపు పిల్లలు అక్షరాలు తిరగేసి రాయడం మామూలే. అంతమాత్రాన డిస్లెక్సియా అనుకోనక్కర్లేదు. తోటి పిల్లలంతా గడగడా చదువుతున్నా, ఎంత నేర్పినా తడబాటు పోకపోతే మాత్రం ఆలోచించాలి. ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించాలి. తర్వాత పిల్లల మానసిక నిపుణుల దగ్గరికి తీసుకెళ్లాలి. వాళ్లు చదవడం, రాయడం, తెలివితేటలు... అన్నీ విడివిడిగా పరీక్షించి చెబుతారు. చిన్నాకూ అలాగే తేలింది.

బడివాళ్లను అడిగితే 'మా దగ్గర ప్రత్యేకంగా చెప్పేవాళ్లు లేరండీ' అన్నారు. ఇంకో బడికి పంపుదామంటే పిల్లాడు వణికిపోయాడు. చివరికి అక్క ఉద్యోగం మానేసింది. 'రెండేళ్లు ఇంట్లోనే చదివిస్తా' అంది. వారానికోసారి విజయవాడలో స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గరికి తీసుకెళ్లడం, ఆవిడ చెప్పినట్టు ఇంట్లో చేయించడం. బావ ఒక్కడి జీతంతో ఇల్లు నెట్టుకురావాలి. 'బడి మానిపించి పిల్లాడి బతుకు పాడుచేస్తున్నారు' అన్న చుట్టాలూ ఉన్నారు.

ముందు చెవి, తర్వాతే కన్ను

ఆవిడ మొదటి నెల పుస్తకమే ముట్టుకోనివ్వలేదు. అన్నీ మాటలాటలే. 'మామిడి'లో 'మా' తీసేస్తే ఏం మిగిలింది? 'గోడ'లో 'గో' తీసి 'మే' పెడితే? 'కలప'లో చివరి అక్షరం మింగేస్తే? ఒక్కో అక్షరానికో చప్పట్లు. అన్నం తింటూ, బండి మీద వెళ్తూ కూడా ఆడొచ్చు. మాటను ముక్కలు చేయడం చెవికి అలవాటైతే ఆ ముక్కలకు అక్షరాలు తగిలించడం తేలికవుతుంది.

తర్వాత అక్షరాలు. పళ్లెంలో సన్నటి ఇసుక పోసి రెండు వేళ్లతో పెద్దగా రాయాలి. రాస్తూ ఆ శబ్దాన్ని బిగ్గరగా పలకాలి. కన్ను చూస్తుంది, చెవి వింటుంది, నోరు పలుకుతుంది, చెయ్యి కదులుతుంది. ఒక దారి మూసుకున్నా ఇంకో దారిలో అక్షరం లోపలికి వెళ్తుందన్నమాట. అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ అనే వైద్యుడు, అన్నా గిల్లింగ్‌హామ్ అనే ఉపాధ్యాయురాలు 1930ల్లో ఈ పద్ధతికి ఓ రూపమిచ్చారు. ఇప్పటికీ చాలాచోట్ల దాన్ని అనుసరిస్తున్నారు.

అక్క ఈ సంగతి చెబుతుంటే నాన్న పేపరు మడిచి పక్కన పెట్టారు. 'అమెరికా దాకా ఎందుకే? వీధిబడిలో మేం చేసిందీ ఇదేగా! ఇసుకలో వేలితో దిద్దుతూ గొంతెత్తి అరిచేవాళ్లం. అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి దిద్దించేదీ అందుకే కాబోలు' అన్నారు. ఆ సాయంత్రమే ఎక్కడి నుంచో బస్తాడు ఇసుక తెప్పించి, జల్లించి, వరండాలో పోయించారు. తలుపుచాటు నుంచి చిన్నా తొంగిచూశాడు. 'రారా, నేనూ రాస్తా' అని నాన్న మోకాళ్లనొప్పులతోనే కింద కూర్చున్నారు. తాతామనవళ్లు మళ్లీ మాట్లాడుకోవడం ఆ రోజు నుంచే.

తెలుగుకో దారి, ఇంగ్లిషుకో దారి

తెలుగులో ఓ సుఖముంది. పలికినట్టే రాస్తాం. కానీ గుర్తుపెట్టుకోవాల్సిన రూపాలు ఎక్కువ. ప-వ, మ-య, బ-ఖ, ద-ధ లాంటివి చూడ్డానికి కవలపిల్లల్లా ఉంటాయి. వీటిని పక్కపక్కనే నేర్పకూడదు. 'ప' పూర్తిగా వచ్చాక, కొన్ని వారాలాగి 'వ' దగ్గరికి వెళ్లాలి. గుణింతాలకు అక్క ఓ ఉపాయం చేసింది. అట్టముక్క మీద హల్లు, పల్చటి ప్లాస్టిక్ కాగితం మీద రంగుల్లో గుడి, కొమ్ము, ఏత్వం. ప్లాస్టిక్ కాగితాన్ని అట్ట మీద పెట్టి 'కి', 'కు', 'కే' అని చదివించేది. ఇక ఒత్తులు. 'గ', 'డ' ఒత్తులు అక్షరంలాగే ఉంటాయి కాబట్టి ముందు అవి. త, న, మ, య, ర, ల ఒత్తుల రూపం వేరు. వాటిని ఒక్కొక్కటిగా, ఒక్కోదానికి తెలిసిన మాట జతచేసి నేర్పింది. 'అమ్మ'తో మొదలుపెట్టి 'పాలు - పళ్లెం' దాకా రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఓసారి జంతికల పిండితో 'జ' చేసి, వేయించుకుని తినేశాడు చిన్నా. ఆ అక్షరం మళ్లీ మర్చిపోలేదు!

ఇంగ్లిషు సంగతి వేరు. ఉన్నవి ఇరవయ్యారు అక్షరాలు, శబ్దాలేమో నలభై పైచిలుకు. అందుకే పదాలు బట్టీ పట్టించకుండా శబ్దాల వరస పట్టించాలి. ముందు 'క్యాట్', 'పెన్', 'సన్' లాంటి చిన్న మాటలు. తర్వాత సూత్రాలు. 'క్యాప్' చివర 'ఇ' చేరిస్తే 'కేప్' అవుతుంది. చివరి 'ఇ' తను పలకదు, ముందున్న అచ్చును దాని పేరుతో పలికిస్తుంది. చిన్న 'బి', 'డి'లు తారుమారవుతుంటే రెండు పిడికిళ్లూ బిగించి, బొటనవేళ్లు పైకెత్తి ఎదురెదురుగా పెట్టమనండి. ఎడమ చెయ్యి 'బి', కుడి చెయ్యి 'డి'. మధ్యలో పరుపు వేస్తే మంచం... 'బెడ్'! సూత్రానికి లొంగని మాటలు కొన్నుంటాయి. 'వెన్స్‌డే' అలాంటిదే. రాసేటప్పుడు 'వెడ్-నెస్-డే' అని విడగొట్టి పలికితే తప్పు పోదు.

అక్క పాటించిన నియమాలు

* పాఠం ఇరవై నిమిషాలే. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. కళ్లలో నీళ్లు తిరగకముందే ఆపేయాలి.

* వారానికి ఇరవై పదాలు వద్దు. అయిదు చాలు. చూడటం, ముక్కలుగా పలకడం, మూసేసి రాయడం, తనే సరిచూసుకోవడం. పాత పదాలను రోజూ ఓసారి పలకరించాలి.

* ఎర్రసిరా లేదు. 'ఏడు తప్పులు' అనే బదులు 'పదమూడు సరిగ్గా రాశావు' అనాలి. తప్పుల్ని తల్లి విడిగా రాసుకుని ఏ అక్షరం దగ్గర తడబడుతున్నాడో చూసుకోవాలి. రేపటి పాఠం అదే.

* చదివేటప్పుడు వాక్యం కింద స్కేలు పెట్టాలి. తల్లీ బిడ్డా గొంతు కలిపి చదవాలి. వాడు అందుకోగానే అమ్మ గొంతు తగ్గించాలి.

* చదవడం ఆలస్యమైందని తెలుసుకోవడం ఆగకూడదు. సైన్సు, సోషలు చదివి వినిపించాలి. జవాబు నోటితో చెబితే చాలు. రాత్రిపూట పాత చందమామలు తాతయ్య చదివేవారు.

* సాయంత్రం తప్పనిసరిగా వీధిలో ఆట. ఇంట్లో చదివే పిల్లలకు స్నేహితులు దూరం కాకూడదు.

అందరూ బడి మానిపించనక్కర్లేదు. అర్థం చేసుకునే టీచరుంటే బళ్లోనే ఇవన్నీ చేయొచ్చు. ఇంట్లో ఇంత సమయం కేటాయించే వీలు అందరికీ ఉండదు కూడా. పరీక్షల భయమూ అక్కర్లేదు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో డిస్లెక్సియా లాంటి అభ్యసన సమస్యలూ ఉన్నాయి. ధ్రువపత్రం ఉంటే సీబీఎస్ఈ పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటి వెసులుబాట్లు ఇస్తారు. పద్నాలుగేళ్లు నిండితే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా తెలుగు మాధ్యమంలోనూ పదో తరగతి రాయొచ్చు.

చిన్నాకిప్పుడు పదేళ్లు. గడగడా చదవడం ఇంకా రాలేదు. డిస్లెక్సియా పూర్తిగా మాయమైపోయేదీ కాదు. కానీ బస్సు బోర్డు చదువుతున్నాడు. చిన్నచిన్న కథలు మెల్లగా, తనంతట తనే చదువుకుంటున్నాడు. వచ్చే ఏడాది ఓ చిన్న బళ్లో చేరతానని తనే అడిగాడు.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు నాన్న తన డైరీలోంచి ఓ కాగితం ముక్క తీసి చూపించారు. మధ్యాహ్నం ఆయన నిద్రలేచేసరికి కళ్లజోడు కింద ఉందట.

'తాతయ్యా నేను ఆడుకోడానికి వెల్తునాను. లేచాక టీ తాగు.'

'ళ బదులు ల రాశాడు. న ఒత్తు మర్చిపోయాడు. ముప్ఫై ఏళ్లు ఇలాంటివాటికి మార్కులు కోసేసినవాణ్ని...' అంటూ ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి మళ్లీ డైరీలో పెట్టుకున్నారు.