పార్టుల పొంతన

ఇంజినీరింగ్ సీటు ఖాయమైన ఇళ్లలో ఈమధ్య కొత్త బేరం ఒకటి వినిపిస్తోంది. ల్యాప్‌టాప్ కొనిస్తాం, చదువైనా ఆటైనా అందులోనే అంటారు పెద్దలు. ఆ డబ్బేదో నా చేతికిస్తే పార్టులు కొని గేమింగ్ పీసీ నేనే బిగించుకుంటానంటారు పిల్లలు. బేరం తెగినా కంప్యూటర్ వెంటనే ఇంటికి రాదు. వారాల తరబడి ఒక జాబితా రాయడం, కొట్టేయడం, మళ్లీ రాయడం. చూసేవారికి అది పనిలేని పనిలా కనిపిస్తుంది గానీ, స్క్రూడ్రైవర్ పట్టుకునే పూట పని దీనిముందు చాలా చిన్నది.

జాబితాలో మొదట ఎక్కేది గ్రాఫిక్స్ కార్డు. పెద్ద ఖర్చు దానిదే కాబట్టి ఆ ముచ్చటను తప్పుపట్టలేం. అయితే ఏది దేనితో కలుస్తుందో ముందుగా తేల్చేది మదర్‌బోర్డు మీది సాకెట్టు. ఇంటెల్ 12, 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు ఎల్‌జీఏ 1700లో కూర్చుంటాయి. 2024లో వచ్చిన డెస్క్‌టాప్ కోర్ అల్ట్రాలకు ఎల్‌జీఏ 1851 కావాలి. ఏఎండీ ఏఎం4 మీద ఏళ్లపాటు రైజెన్లను నడిపి 2022లో ఏఎం5కు మారింది. ఒకదానిది మరొకదానిలో దిగదు. ఒక రకంగా అదే నయం, పొరపాటు అక్కడికక్కడే బయటపడుతుంది. దిగి కూడా పలకనివాటితోనే చిక్కు. ఏఎం4 బోర్డు పాత సరుకై, అందులోని బయోస్, అంటే బోర్డును మేల్కొలిపే సాఫ్ట్‌వేర్, రైజెన్ 5000 రాకముందుదైతే, సాకెట్టు కుదిరినా తెర వెలగదు. బయోస్ మార్చాలంటే ప్రాసెసర్ పనిచేయాలి, ప్రాసెసర్ పనిచేయాలంటే బయోస్ మారాలి. పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదన్నట్టు. ప్రాసెసర్ పలకకపోయినా పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించుకునే మీటను కొన్ని బోర్డులకు పెట్టింది ఇందుకే.

ర్యామ్ మరీ గడుసుది. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ పిన్నులు 288. గాటు ఉన్న చోటు మాత్రం వేరు. ఎల్‌జీఏ 1700 బోర్డుల్లో కొన్ని డీడీఆర్4వి, కొన్ని డీడీఆర్5వి. పేరంతా ఒకటే అయి, చివర ‘డీ4’ అన్న చిన్న తోకతో తేడా చెప్పేవీ ఉన్నాయి. ప్రాసెసర్ పేరు చివరి ‘ఎఫ్’ కూడా ఇలాంటిదే. ఇంటెల్ ఐ5 12400ఎఫ్‌లో సొంత గ్రాఫిక్స్ ఉండవు. ఇప్పటికి మిగతావి కొని, కార్డు సంగతి దసరాకు చూద్దామనుకున్న ఇంట్లో దసరాదాకా తెర మీద బొమ్మ రాదు. కార్డు పొడవు, కూలర్ ఎత్తు, క్యాబినెట్‌లో పట్టే కొలతలు అంటారా, అవన్నీ మిల్లీమీటర్లలో రాసే ఉంటాయి. చూసుకోవడమే.

ఎవరూ గొప్పగా చెప్పుకోని పార్టు, అన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్. జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 4060 తినేది 115 వాట్లే అయినా, మొత్తం సిస్టమ్‌ను లెక్కలోకి తీసుకుని 550 వాట్లది పెట్టుకోమంటుంది ఎన్విడియా. క్యాబినెట్‌తో ఊరికే వచ్చిన డబ్బా మీది అంకెను నమ్మి అంత ఖరీదైన కార్డును దానికి తగిలించడం సాహసం. ‘80 ప్లస్’ ముద్ర కూడా కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతుందే తప్ప నాణ్యతకంతటికీ పూచీ కాదు. ఊడదీసి పెట్టుకునే కేబుళ్లున్న రకాల్లో ఒక కంపెనీ కేబుల్ మరో కంపెనీ దానిలో చక్కగా దూరిపోవచ్చు, లోపలి తీగల వరస మాత్రం వేరు కావచ్చు. ఆ సంగతి ఎస్‌ఎస్‌డీ కాలాక తెలుస్తుంది. పాత కేబుళ్లు పారేయకుండా దాచే పొదుపరుల ఇళ్లలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

ఇన్ని చూసుకుని రాసిన జాబితాకు అసలు పరీక్ష సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట ఎదురవుతుంది. ‘ఆ బోర్డు స్టాక్ లేదు, ఇది తీసుకోండి, సేమ్ టు సేమ్’ అంటాడు కొట్టాయన. మోసమేమీ కాదు; ఆయన లెక్కలో అది బోర్డుకు బదులు బోర్డు. కొనేవారికి మాత్రం దానితో ర్యామ్ రకం మారొచ్చు, ఎస్‌ఎస్‌డీ స్లాట్లు తగ్గొచ్చు, బోర్డు పెద్దదైతే క్యాబినెట్టే మారొచ్చు. పక్కన డబ్బు పట్టుకుని నిలబడ్డ నాన్నకేమో ఎండ, ట్రాఫిక్, ఆలస్యం. ‘ఏదో ఒకటి తీసుకోరా’ అన్న మాట నోటిదాకా వచ్చేది అప్పుడే. దాన్ని కాస్త ఆపుకుంటే మంచిది. ఇద్దరూ బయటికొచ్చి చాయ్ తాగుతూ, ఆ ఒక్కటి మారితే ఇంకేమేం మారాలో కాగితం మీద చూసుకుని మళ్లీ లోపలికి వెళ్లవచ్చు. లెక్క కుదరకపోతే, స్టాక్ ఎప్పుడొస్తుందో అడిగి, కొట్టు ఫోన్ నంబరు రాసుకుని ఇంటికి వచ్చేయవచ్చు.