దృశ్యానికి న్యాయం

ప్రకృతి దృశ్యాన్ని ఛాయాచిత్రంగా మలచడం పైకి సులభంగా తోస్తుంది. కొండ కదలదు, నది తన దారిన తాను ప్రవహిస్తూనే ఉంటుంది. అయినా కన్ను చూసినదానికీ, కెమెరా నమోదు చేసినదానికీ నడుమ ఎంతో అంతరం ఉంటుంది. ఆ అంతరాన్ని తగ్గించడానికి రెండు మార్గాలున్నాయి. చిత్రం తీసేవేళ కెమెరాను తగినట్లు అమర్చుకోవడం మొదటిది. తీసిన తరువాత కంప్యూటరులో సరిదిద్దుకోవడం రెండవది. నేడు పలువురు మొదటిదానిని అలక్ష్యం చేసి, రెండవదానిపైనే భారం మోపుతున్నారు. దీనివల్ల చిత్రం నాణ్యతతోపాటు విశ్వసనీయత కూడా దెబ్బతింటున్నది.

పాపికొండల నడుమ సాగే గోదావరినే ఉదాహరణగా తీసుకోవచ్చు. సూర్యోదయ వేళ అక్కడ ఆకాశం వెలుగుతుంటుంది. కొండల పాదాలు చీకటిలో ఉంటాయి. ఈ రెండింటినీ కన్ను ఇట్టే గ్రహిస్తుంది. కెమెరాకు అంత శక్తి లేదు. కాంతి మితిమీరితే ఆకాశం తెల్లకాగితంలా మిగులుతుంది. నమోదు కాని వివరాన్ని తరువాత ఏ ఉపాయంతోనూ తిరిగి తేలేరు. నీడలోని వివరాన్ని మాత్రం కొంతవరకు వెలికి తీయవచ్చు. కాబట్టి ఆకాశాన్ని కాపాడేటట్లు ఎక్స్‌పోజరును కొద్దిగా తగ్గించడమే వివేకం.

ఒడ్డున ట్రైపాడ్ నిలిపినవారు ఐ.ఎస్.ఓ.ను 100 వద్ద ఉంచి, ఎపర్చరును ఎఫ్/8, ఎఫ్/11ల మధ్య అమర్చుకోవచ్చు. ఎఫ్/22 వరకు కుదిస్తే దగ్గరి రాయి నుండి దూరపు కొండ వరకు స్పష్టత విస్తరించినా, కాంతి వివర్తనం వల్ల చిత్రమంతటా పదును తగ్గుతుంది. లాంచీ మీది నుండి తీసేవారికి ట్రైపాడ్ అక్కరకు రాదు. ఇంజను అదురు దానికీ సోకుతుంది. వారు ఐ.ఎస్.ఓ.ను 400కో 800కో పెంచి, సెకనులో 500వ వంతు షట్టర్ వేగాన్ని ఎంచుకోవడం మేలు. చిత్రంలో కొద్దిపాటి గరుకుదనం సహించదగినదే. అదిరిన చిత్రాన్ని బాగుచేయడం కష్టం. అమరిక కంఠస్థం చేయవలసిన సూత్రం కాదు, నిలిచిన చోటును బట్టి తీసుకోవలసిన నిర్ణయం. జేపెగ్ ఫైలులో ఒక్కొక్క వర్ణానికి 256 స్థాయిలే ఉండగా, 14 బిట్ల రా ఫైలులో 16,384 స్థాయిలు ఉంటాయి. దిద్దుబాటుకు లోబడే చిత్రం రెండవదే.

దిద్దుబాటు అంటేనే మోసమని కొందరు వాదిస్తారు. ఆ వాదం నిలువదు. అమెరికాకు చెందిన ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికో రాష్ట్రంలోని హెర్నాండెజ్ గ్రామంపై చంద్రోదయాన్ని చిత్రించాడు. ఆ ఒక్క నెగెటివ్‌నే దశాబ్దాలపాటు ఎన్నోసార్లు ముద్రిస్తూ, కాలక్రమంలో ఆకాశాన్ని మరింత నల్లగా తీర్చాడు. అయితే చంద్రుణ్ణి గాని, గ్రామాన్ని గాని చోటు మార్చలేదు. వెలుగునీడల తీవ్రత మాత్రమే మారింది.

హద్దు అక్కడే ఉన్నది. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక నిలువు ముఖచిత్రానికి సరిపడేటట్లు గిజా పిరమిడ్లను కంప్యూటరు సాయంతో దగ్గరకు జరిపి తీవ్ర విమర్శకు గురైంది. నాడు అంతటి సంస్థకే సాధ్యమైన పని నేడు అందరికీ అందుబాటులోకి వచ్చింది. 2020లో ఫోటోషాప్‌లో ఆకాశాన్ని మార్చివేసే సదుపాయం ప్రవేశించింది. ఒక్క మీట నొక్కితే వేసవి ఆకాశంలో కారుమబ్బులు కమ్ముతాయి. కొండల మీద ఎండనీడలు మాత్రం యథాతథంగా నిలిచి ఆ అబద్ధాన్ని బయటపెడతాయి.

ఇందులో నష్టమేమిటని అడిగేవారికి గోదావరే సమాధానం. పోలవరం నిర్మాణంతో ఆ నదీభాగపు రూపం మారుతూ వస్తున్నది. జలాశయం పూర్తిగా నిండినప్పుడు అనేక గ్రామాలు మునిగిపోతాయి. ఆ ఒడ్డు ఎలా ఉండేదో రేపటి తరం తెలుసుకోవలసింది ఈనాటి చిత్రాల ద్వారానే. రంగులు కాస్త తేటపడితే ఆ సాక్ష్యానికి లోటు రాదు. లేని మబ్బును, లేని చెట్టును చేరిస్తే అది సాక్ష్యమే కాకుండా పోతుంది. కెమెరా పట్టినవారు దృశ్యానికి మెరుగు పెట్టవచ్చు గాని, దాని స్థానంలో మరొక దృశ్యాన్ని నిలపరాదు.