తీగ పట్టే చేతికీ రాయితీలో వాటా ఉండాలి

పాలీహౌస్ అనగానే ప్రభుత్వ కాగితాల్లో కనిపించేవి ఇనుప గొట్టాలు, ప్లాస్టిక్ కప్పు, చదరపు మీటరు ధర. తెలంగాణ ఏర్పడిన తొలి ఏళ్లలో రాష్ట్రం వీటికి 75 శాతం రాయితీ ఇచ్చింది. కేంద్ర సమీకృత ఉద్యాన అభివృద్ధి పథకం 2014 నాటి మార్గదర్శకాలు ఎకరం విస్తీర్ణపు మామూలు పాలీహౌస్‌కు చదరపు మీటరుకు 844 రూపాయల ఖర్చు కట్టాయి. నాలుగు వేల చదరపు మీటర్లకు అది 33.76 లక్షలు. అదే పథకం లోపల వేసే కూరగాయల మొక్కలకు, సాగు ఖర్చుకు కూడా చదరపు మీటరుకు 140 రూపాయల లెక్క పెట్టింది. ఇంత పెట్టుబడి కింద పెరిగే కీర తీగ ఎన్ని కాయలు ఇస్తుందో రోజురోజుకూ తేల్చేది మాత్రం దాన్ని పురికొసకు చుట్టి, పక్క కొమ్మలు గిల్లే కూలీ చేయి. ఆ చేతికి పని నేర్పడం కూడా పాలీహౌస్ నిర్మాణంలో భాగమేనని, ఆ ఖర్చు రాయితీలోనే ఉండాలని నా వాదన.

పాలీహౌస్‌లో వేసే కీర రకాలు పొలం గట్టున పాకే దోసలాంటివి కావు. వీటికి దాదాపు అన్నీ ఆడపూలే. తేనెటీగ రాకపోయినా, పరాగం అందకపోయినా కాయ కడుతుంది. పురుగు రాకుండా చుట్టూ వల కట్టిన ఇంట్లో ఇది గొప్ప వరం, అదే సమయంలో పెద్ద చిక్కు కూడా. కణుపు కణుపుకూ పిందె వస్తుంది, ప్రతి ఆకు మొదట్లోనూ ఒక పక్క కొమ్మ పుడుతుంది. అన్నిటినీ పోషించే బలం వేరుకు లేదు, ఆకుకూ లేదు. వదిలేస్తే మొక్క తనకు తానే పిందెలు మాడ్చేసుకుంటుంది, మిగిలినవి వంకర తిరుగుతాయి. అందుకే కింది అయిదారు కణుపుల దాకా పిందెలను మొగ్గలోనే తీసేస్తారు, వేరు నిలదొక్కుకునే వరకు మొక్కకు కాయ బరువు లేకుండా. ఆపైన పక్క కొమ్మలు గిల్లి ఒకే కాండాన్ని పైన కట్టిన ఇనుప తీగ దాకా ఎక్కిస్తారు. అక్కడ రెండు దారులున్నాయి. కొస తుంచి రెండు పక్క కొమ్మలను గొడుగులా కిందికి వదలడం ఒకటి. కాయలు కోసిన కింది ఆకులు తీసి, పురికొస వదులు చేసి తీగ మొత్తాన్ని దించుతూ పోవడం రెండోది. రెండోదానిలో కాయ ఎప్పుడూ కొత్త ఆకుల పక్కనే ఉంటుంది, సైజు నిలకడగా వస్తుంది, కానీ చేతి పని చాలా పెరుగుతుంది. ఏ దారి పట్టాలన్నది కూలీల సంఖ్యను, వాళ్ల నేర్పును చూసి నిర్ణయించాల్సిన విషయం. విత్తనం ప్యాకెట్ మీద దానికి జవాబు దొరకదు.

నేర్పు లేని చేయి కేవలం దిగుబడి తగ్గించి ఊరుకోదు. కీరకు పచ్చ మచ్చల మొజాయిక్ తెగులు తెచ్చే వైరస్ ఒకటుంది. మన దేశంలోనూ ఉన్న ఆ వైరస్ మొక్క రసం అంటిన కత్తెర ద్వారా, చేతుల ద్వారా పక్క మొక్కకు పాకుతుంది. జబ్బు మొక్కను ముట్టిన చేతినే కడగకుండా వరుసంతా గిల్లుకుంటూ పోతే, తెగులును ప్రతి మొక్కకూ మోసుకెళ్లినట్టే. సాయంత్రం కోసిన గాయం రాత్రి తేమలో ఆరదు, అందుకని కత్తిరింపు పొద్దున్నే జరగాలి. గుబురుగా వదిలేసిన తీగల మధ్య గాలి ఆడదు. ఆకు మీద తడి గంటల తరబడి నిలిస్తే బూజు తెగులు వస్తుంది, దాని వెంట మందుల ఖర్చు వస్తుంది. వలలో ఏ లోపం లేకపోయినా ఈ నష్టాలన్నీ జరుగుతాయి.

పందిరి మీద కత్తెర పెట్టకుండానే బీర, కాకర కాస్తున్నాయి కదా, ఈ హంగామా ఎందుకని రైతులు అడుగుతారు. అడగదగ్గ ప్రశ్నే. పందిరి ఖర్చు తక్కువ, మొక్కకూ మొక్కకూ ఎడం ఎక్కువ. అక్కడ కొమ్మ పాకితే చోటుంది. పాలీహౌస్‌లో చదరపు మీటరుకు రెండు మూడు మొక్కలు పెడతారు. అక్కడ పక్క కొమ్మ వదలడమంటే పొరుగు మొక్క వెలుతురు లాక్కోవడం. చేతికొచ్చే పిందెను తుంచేయడం నష్టం కాదా అన్నది రెండో ప్రశ్న. మొదట్లో తీసిన ఆ అయిదారు పిందెలు నేలను తాకి మచ్చపడే కాయలు. అవి తాగేసే బలంతోనే తర్వాతి రెండు నెలల కోత నడవాలి. కూలి ఖర్చు గురించిన అభ్యంతరం మాత్రం బరువైనదే. హైదరాబాద్ ఇంత దగ్గరగా ఉన్న కందుకూరు లాంటి చోట పొద్దున్నే పనికి మనిషి దొరకడం కష్టం, కూలి ఎక్కువ. అయితే కూలి ఎక్కువైన కొద్దీ నేర్పు విలువ పెరుగుతుంది. పక్క కొమ్మ వేలెడు పొడవున్నప్పుడు గోటితో క్షణంలో పోతుంది. వారం ఆగితే కత్తెర కావాలి, గాయం పెద్దది, అప్పటికే మొక్క బలం వృథా. సకాలంలో గిల్లడం తెలిసిన మనిషి తక్కువ గంటల్లో పని ముగిస్తుంది.

పని నేర్పాలంటే ముందు మన నేలకు తగ్గ పాఠం కావాలి. తీగ దించే పద్ధతి నెదర్లాండ్స్ వంటి చల్లటి దేశాల గాజు ఇళ్లలో బాగా నడిచింది. అక్కడ వెలుతురే కరువు. కింది ఆకులు ధారాళంగా తీసేస్తారు. కందుకూరులో మే నెల ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు అదే పని చేస్తే కాయ ఎండకు కమిలిపోతుంది. ఏ నెలలో ఎన్ని ఆకులు ఉంచాలి, నీడ వల ఎప్పుడు లాగాలి, వానాకాలంలో ఎంత పలచన చేయాలి అన్నవి ఇక్కడి పాలీహౌస్‌లలోనే పరీక్షించి చెప్పాలి. సిద్దిపేట జిల్లా ములుగులో శ్రీ కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, రాజేంద్రనగర్‌లో దాని కళాశాల ఉంది, జీడిమెట్లలో ఉద్యాన శాఖ కేంద్రం ఉంది. ఈ సంస్థలు చేసే పరీక్షల ఫలితాలను నెలవారీ పటంగా, బొమ్మలతో, చదువు రాని మనిషికి కూడా అర్థమయ్యేలా వేసి ప్రతి పాలీహౌస్ తలుపుకు అంటించవచ్చు.

రైతుల శిక్షణకు పథకంలో పద్దు ఉంది, నిజమే. కానీ శిక్షణకు వెళ్లేది పట్టాదారు. కత్తెర పట్టేది ఊరి ఆడకూలీలో, పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిన దంపతులో. శిక్షణకు పోతే వాళ్లకు ఆ రోజు కూలి పోతుంది. ఎకరం పాలీహౌస్ ఖర్చులో ఒక శాతం అంటే 33,760 రూపాయలు. రోజుకు 500 చొప్పున ఆరుగురికి పది రోజుల కూలి అందులో వస్తుంది. రాయితీ చివరి విడత విడుదలకు నిర్మాణం కొలతలతో పాటు ఈ పది రోజుల శిక్షణ జరిగిందా అని కూడా చూడాలి. చిన్న వలయిళ్లతో 2022లో ఎర్త్‌షాట్ బహుమతి గెలిచిన తెలంగాణ సంస్థ ఖేతి, వల అమ్మి వదిలేయకుండా సాగు పాఠాలు కూడా రైతుకు అందిస్తోంది. ప్రభుత్వ పథకానికి అంతకంటే ఎక్కువ బాధ్యత ఉంది.

కందుకూరు చుట్టూ ఫార్మాసిటీ, తర్వాత ఫ్యూచర్ సిటీ పేరుతో భూముల ధరలు మారిపోయాయి, ఇక్కడ ఏ రైతు ఎన్నాళ్లు సాగు చేస్తాడో తెలియని చోట శిక్షణ దేనికని అధికారులు అనవచ్చు. ఆ అనుమానం ముందుగా తగిలేది ఇనుప కట్టడానికే. ప్లాట్లు పడ్డ రోజున దాన్ని విప్పి తుక్కు ధరకు అమ్ముకోవాల్సి రావచ్చు. తీగ దించడం నేర్చిన కూలీ మాత్రం షాబాద్‌లోనో చేవెళ్లలోనో మరో పాలీహౌస్‌లో, మామూలు కూలి కంటే ఎక్కువ అడిగి, మర్నాడే పనిలో చేరగలుగుతుంది.