పేరు లేని జబ్బు: చేతులు, కులం, యంత్రం (6వ భాగం)

పోయిన భాగంలో రాతి దుమ్ము గురించీ, ఊపిరితిత్తుల గురించీ మాట్లాడుకున్నాం. ఈసారి చేతుల గురించి. దుమ్ము వల్ల వచ్చే జబ్బుకు సిలికోసిస్ అని పేరుంది. చట్టంలో చోటుంది. రాజస్థాన్‌లో 2019లో దానికోసం ప్రత్యేక విధానమే వచ్చింది. ఎవరూ దయతలచి ఇవ్వలేదు, రాతి గనుల కార్మికులు ఏళ్లతరబడి కొట్లాడితే వచ్చింది. అదే క్వారీలో, అదే మనిషి చేతులకు వచ్చే ఇంకో జబ్బుంది. దానికి మన భాషలో పేరు లేదు. "తిమ్మిర్లు" అంటాం. "కష్టం చేసిన చెయ్యి కదా, అట్నే ఉంటది" అంటాం. అక్కడితో మాట అయిపోతుంది.

నేను తెలుగు సాహిత్యం చదువుకుని, అదే చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. మన కవిత్వంలో శ్రామికుడి చేతుల మీద వచ్చినన్ని పద్యాలు, పాటలు ఇంకే అవయవం మీదా వచ్చి ఉండవు. పిడికిలి అంటే పోరాటం, కాయలు కాసిన అరచెయ్యి అంటే నిజాయితీ. బాగానే ఉంది. కానీ ఆ చెయ్యి రాత్రి పన్నెండింటికి జివ్వుమని లాగి నిద్రలేపుతుందనీ, పొద్దున చొక్కా గుండీ పెట్టుకోలేదనీ, జేబులో ఉన్నది రూపాయి బిళ్లో రెండు రూపాయల బిళ్లో తడిమి చెప్పలేదనీ రాసినవాళ్లు ఎంతమంది? చేతిని చిహ్నం చేసి పూజించాం. దాని నరాల సంగతి పట్టించుకోలేదు.

విషయం ఇది. జాక్‌హ్యామర్, బ్రేకర్, డ్రిల్లింగ్ మిషన్, గ్రైండర్, కట్టర్ లాంటివి పట్టుకున్నప్పుడు వాటి అదురు అరచేతిలోంచి మోచేతి దాకా పాకుతుంది. రోజూ, నెలల తరబడి, ఏళ్ల తరబడి అలా పాకితే వేళ్లలోని సన్నటి రక్తనాళాలూ నరాలూ దెబ్బతింటాయి. ముందు పని దిగాక కాసేపు తిమ్మిరి. తర్వాత ఆ తిమ్మిరి పోదు. స్పర్శ తగ్గుతుంది, పట్టు తప్పుతుంది. చలికి వేళ్ల కొసలు రక్తం ఆగి పాలిపోతాయి. ముదిరితే వెనక్కి రాదు. ఇక్కడ మందుల కంటే ముఖ్యమైంది ముందే ఆపడం.

ఇది కొత్తగా కనిపెట్టిన జబ్బేమీ కాదు. 1911లో ఇటలీలో లోరిగా అనే వైద్యుడు గాలి సుత్తులు వాడే కార్మికుల్లో దీన్ని గుర్తించాడు. 1918లో అమెరికాలో ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు ఇండియానా రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్ వెళ్లి, సున్నపురాయి చెక్కేవాళ్ల చేతులు చూసి నివేదిక రాసింది. 1978లో ఇంకో బృందం అదే బెడ్‌ఫర్డ్‌కు వెళ్లి చూసింది. అరవై ఏళ్ల తర్వాత అదే పని, అదే జబ్బు. జబ్బు సంగతి తెలిసినంత మాత్రాన అది పోదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

బ్రిటన్‌లో 1985లో దీన్ని వృత్తి జబ్బుగా ఒప్పుకున్నారు. 1998లో అక్కడి అప్పీలు కోర్టు బొగ్గు గని కార్మికుల పక్షాన తీర్పిచ్చింది. ఆ తర్వాత లక్షకు పైగా క్లెయిములు వచ్చాయి, పరిహారం వంద కోట్ల పౌండ్లు దాటింది. అక్కడ దాని వాడుక పేరు "వైట్ ఫింగర్", అంటే తెల్లవేలు.

ఈ పేరు దగ్గర కాసేపు ఆగుదాం. తెల్లవేలు అనేది చలిదేశం పెట్టిన పేరు, తెల్ల చర్మం పెట్టిన పేరు. మనలాంటి వేడి ప్రాంతాల్లో వేలు పాలిపోవడం తక్కువ కనిపిస్తుంది. తిమ్మిరి, స్పర్శ పోవడం, పట్టు సడలడం ఎక్కువ. పాలిపోయినా నల్లటి వేలి మీద అంత తేలిగ్గా కనపడదు. కాబట్టి పుస్తకంలో బొమ్మ చూసి, మన మనిషి వేలు చూసి, "తెల్లగా లేదు, జబ్బు లేదు" అంటే అది వైద్యం కాదు. 1986లో స్టాక్‌హోమ్‌లో తయారైన కొలమానం రక్తనాళాల దెబ్బనూ నరాల దెబ్బనూ విడివిడిగా లెక్కకడుతుంది. మనకు కావాల్సింది ఆ రెండోది. పేరు సంగతంటారా, క్వారీలో పనిచేసేవాళ్లు "మిషన్ అదురు" అంటారు. అదురు జబ్బు అందాం. ఆ మాట వాళ్లదే కాబట్టి వేరే అనువాదం అక్కర్లేదు.

ఇక లెక్క. విద్యార్థులు ఇది శ్రద్ధగా చదవండి, పెద్ద గణితమేమీ లేదు. యంత్రం ఎంత గట్టిగా అదురుతుందో మీటర్ పర్ సెకండ్ స్క్వేర్‌లో కొలుస్తారు. ఆ మనిషి దాన్ని ఎంతసేపు పట్టుకున్నాడో చూస్తారు. రెండూ కలిపి 8 గంటల పనిదినానికి సగటు కడతారు. 2002 నాటి యూరప్ ఆదేశం ప్రకారం ఆ సగటు 2.5 దాటితే యజమాని చర్యలు మొదలుపెట్టాలి. 5 దాటనివ్వకూడదు. 2.5 లోపల ఉంటే ప్రమాదమే లేదని కాదు, అది హెచ్చరిక గీత మాత్రమే.

అదురు రెట్టింపైతే సమయం సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. కిటుకంతా అక్కడే ఉంది. బ్రిటన్ భద్రతా శాఖ చెప్పే లెక్కల్లో మామూలు రోడ్డు బ్రేకర్ అదురు 12 దాకా ఉంటుంది. దాంతో 21 నిమిషాలకే హెచ్చరిక గీత, 83 నిమిషాలకు ఆఖరి గీత. పాతబడి, అరిగిపోయి 20కి చేరిన యంత్రమైతే ఏడున్నర నిమిషాలకు మొదటి గీత, అరగంటకు రెండోది. మంచి డిజైన్‌తో 5కి తగ్గిన యంత్రమైతే 8 గంటలకు గానీ ఆఖరి గీత రాదు. ఒకే పని, ఒకే చెయ్యి. యంత్రం మారితే అరగంట 8 గంటలవుతుంది. ఆ యంత్రం ఏది కొనాలో నిర్ణయించేది ఆ చెయ్యి కాదు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ దేశదేశాలు దాటి పోతుంది. కరీంనగర్, ఖమ్మం రాయికీ గిరాకీ ఉంది. పెద్ద క్వారీల్లో డైమండ్ వైర్ సా వచ్చింది నిజమే. అయినా చేత్తో పట్టే డ్రిల్లు పోలేదు, పాలిషింగ్ షెడ్డులో గ్రైండర్ పోలేదు, ఊరూరా కిచెన్ గట్టుకు బండ కోసే కట్టర్ పోలేదు. డ్రిల్లింగ్‌కు చాలాచోట్ల కూలి అడుగుల లెక్కన కడతారు. ఆరోగ్యం లెక్క నిమిషాల్లో ఉంది, కూలి లెక్క అడుగుల్లో ఉంది. నిమిషాలు తగ్గిస్తే అడుగులు తగ్గుతాయి, అడుగులు తగ్గితే పిల్లల ఫీజు ఆగుతుంది. ఇలా అమర్చిపెట్టి "కార్మికుడే జాగ్రత్త పడాలి" అని గోడ మీద బోర్డు రాయడం దగా.

ఆ డ్రిల్లు వెనక నిలబడేది ఎవరు? తరాలుగా రాయి కొట్టిన వడ్డెరలు, మాల మాదిగ పల్లెల కుర్రాళ్లు, ఒడిశా నుంచి వచ్చిన వలస కూలీలు. లీజు కాగితం మీద ఉండే ఇంటిపేర్లు వేరు. కులం పనిని పంచడంతో ఆగదనీ, పనిచేసే మనుషులనే మెట్లు మెట్లుగా విడదీస్తుందనీ అంబేడ్కర్ 1936లోనే వాదించాడు. యంత్రం వస్తే ఆ మెట్లు కూలుతాయని మనలో చాలామంది ఆశపడ్డారు. జరిగిందేమిటి? సుత్తి పోయి జాక్‌హ్యామర్ వచ్చింది, పట్టుకునే చెయ్యి మాత్రం మారలేదు.

చట్టం ఏమంటుంది? 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్‌లో తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బులు 29 ఉన్నాయి. సిలికోసిస్ ఉంది. మోత వల్ల వచ్చే చెవుడు ఉంది. అదురు వల్ల చచ్చుబడే వేళ్లు లేవు. దాని స్థానంలో తెచ్చిన 2020 కోడ్‌లోనూ అదే జాబితా. ఒకే యంత్రం చెవినీ చేతినీ చెడగొడితే, చెవి జబ్బుకు చట్టంలో చోటు, చేతికి లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010 జాబితాలో అదురు జబ్బులు ఉన్నాయి. గాలి, మోత, అదురు మీద ఆ సంస్థ 1977లో చేసిన 148వ ఒప్పందాన్ని మన దేశం ఇప్పటికీ ఆమోదించలేదు.

రాజ్యానికి ఆ వేలు అసలు పట్టదా అంటే, పడుతుంది. రేషన్ షాపులో ముద్ర వేయమన్నప్పుడు పడుతుంది. ముద్ర సరిగా పడకపోతే మళ్లీ వేయమంటారు. ఆ వేలికి ఏమైందని అడిగేవాళ్లు ఉండరు.

మా కాలేజీలో డిగ్రీ రెండో ఏడాది చదివే కుర్రాడొకడు ఆదివారాలూ సెలవులూ బండ కోసే పనికి వెళ్తాడు. మూడు గంటల పరీక్షలో రెండో గంటకల్లా వాడి అక్షరాలు చెదిరిపోతున్నాయి. ఏంట్రా అంటే "పెన్ను పట్టుకున్నట్టు తెలియట్లేదు సార్" అన్నాడు. పేపరు దిద్దేవాళ్లకు అది నిర్లక్ష్యంగా కనపడుతుంది. మన పిల్లలు చదువులో వెనకబడ్డారనే మాట వెనక ఇలాంటివెన్ని ఉన్నాయో లెక్క తీసినవాళ్లు లేరు.

ఒక కాలనీ మీటింగ్‌లో ఈ సంగతి చెబితే ఒక పెద్దాయన లేచి, "ముందు కూలి సంగతి చూడండి సారూ, చేతుల సంగతి తర్వాత" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. అందుకే నేననేది, ఈ రెండూ వేర్వేరు డిమాండ్లు కావు. అడుగుల కూలి పోయి రోజు కూలి రాకుండా నిమిషాలు తగ్గవు. యంత్రాలొస్తే పని పోతుందని ఇంకో భయం. అదీ నిజమే. కాబట్టి చేతి డ్రిల్లు పోయి బండి మీద బిగించే డ్రిల్లు వచ్చినప్పుడు, దాన్ని నడిపే శిక్షణ ముందు ఆ చేతి డ్రిల్లు పట్టినవాళ్లకే ఇవ్వాలని అడగాలి. దుమ్ము ప్రాణం తీస్తుంది, అదురు వేళ్లే కదా తీసేది అనేవాళ్లూ ఉన్నారు. చేతి పని మీద బతికే మనిషికి వేళ్లు పోతే మిగిలేదేమిటో వాళ్లే చెప్పాలి.

పరిష్కారాల పేరుతో జరిగే మోసాన్నీ గుర్తుపెట్టుకోండి. గ్లౌజులు పంచి ఫోటో దిగుతారు. గ్లౌజులు చేతిని వెచ్చగా ఉంచుతాయి, గీతలు పడకుండా కాపాడతాయి. అదురును ఆపుతాయని వాటిని నమ్ముకోవడానికి లేదు. తక్కువ అదిరే యంత్రం కొనడం, అరిగిన బిట్టు మార్చడం, యంత్రాన్ని వేళకు బాగుచేయించడం, పట్టుకునే సమయం తగ్గించడం, ఏటా చేతులు పరీక్షించడం, ఇవీ అసలు పనులు. మనుషుల్ని మార్చి మార్చి పని చేయించడం మంచిదే. కానీ యంత్రం అదే ఉంచి, అదే కాలనీ నుంచి ఇంకో నలుగుర్ని తెస్తే జబ్బును పంచినట్టే అవుతుంది.

మరి మనమేం చేయాలి? విద్యార్థి సంఘాలకు నా సూచన ఒకటే. సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఒక్క మనిషి పని ఒక్క రోజు చూడండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి యంత్రం నిజంగా ఆన్‌లో ఉన్న నిమిషాలే రాయండి. యంత్రం పేరు, మోడల్ రాసుకోండి. అదురు అంకె తయారీదారు కాగితంలో ఉంటుంది. పనిలో అసలు అదురు దానికంటే ఎక్కువే ఉండొచ్చు. ఆ మనిషిని నాలుగు ప్రశ్నలడగండి: రాత్రి తిమ్మిరి లేపుతుందా, గుండీ పెట్టుకోగలుగుతున్నారా, చలికి వేళ్ల రంగు మారుతుందా, వస్తువులు చేయి జారుతున్నాయా? చెప్పింది చెప్పినట్టు రాయండి, పేరు మాత్రం బయటపెట్టకండి. పేరు బయటపడితే రేపు పని ఉండదు.

అంబేడ్కర్ లేబర్ మెంబర్‌గా ఉన్న కాలంలోనే, 1946లో, ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పని 48కి తగ్గింది. గంటల మీద గెలిచిన వారసత్వం మనది. ఇప్పుడు నిమిషాల మీద కొట్లాడాలి. జాబితాలో 30వ జబ్బుగా అదురు జబ్బు రాయించేదాకా ఆ నోటు పుస్తకాలే మన వినతిపత్రాలు.

వచ్చే భాగంలో మోత గురించి, చెవుల గురించి రాస్తాను. మీ ఊళ్లో లెక్క తీస్తే నాకు పంపండి.

జై భీమ్.