డబ్బా ఎవరు సర్దాలి?

తెనాలి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వెయ్యవద్దన్నారు కనుక వెయ్యడం లేదు. ఉత్తరం పెద్దది. ముఖ్యమైన భాగం మాత్రం ఇస్తున్నాను.

"మా అమ్మాయికి పన్నెండేళ్ళు. ఏడో తరగతి. పొద్దున్న ఏడున్నరకి స్కూలు బస్సు. నేను అయిదింటికే లేచి వండి, అన్నం, కూర, పెరుగన్నం డబ్బాలో సర్ది ఇస్తాను. సాయంత్రం మూత తీస్తే సగం అలాగే ఉంటుంది. అడిగితే ఆకలి లేదంటుంది. ఇంటికి రాగానే తలనొప్పి అని పడుకుంటుంది. మేడ మెట్లెక్కితే ఆయాసం. నాలుగు నెలల క్రితం పెద్దమనిషి అయింది. మావారు 'ఈ వయసులో దాని డబ్బా అదే సర్దుకోవాలి, అప్పుడు తింటుంది, పనిలో పనిగా అన్నయ్యది కూడా సర్దుతుంది' అంటారు. మా అత్తగారు 'తల్లి ఉండగా పిల్ల తన అన్నం తనే పెట్టుకోవడమేమిటి, నలుగురూ నవ్విపోరూ?' అంటారు. ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను. ఎవరి మాట వినాలి? బలానికి మంచి టానిక్కు కూడా రాయండి."

టానిక్కు సంగతి తర్వాత చూద్దాం. అమ్మా, ఎవరు సర్దాలి అనే తగవు కంటే ముందు తేలవలసింది ఒకటుంది. ఆ డబ్బా ఎందుకు తిరిగి వస్తోంది? ఆ మాట మీ అమ్మాయిని ఎవరైనా కోప్పడకుండా, తీరిగ్గా కూర్చోబెట్టి అడిగారా?

ఇలాంటి పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు తల్లిని కాసేపు బయట కూర్చోమంటాను. అప్పుడు బయటపడే కారణాలు వింటే ఆశ్చర్యం వేస్తుంది. ఒక పాప డబ్బాలోంచి పులుసు కారి నోటు పుస్తకాలు తడిశాయట. తోటి పిల్లలు వాసన అని ముక్కులు మూసుకున్నారట. ఆ రోజు నుంచి ఆ పాప కూర డబ్బా విప్పలేదు. మరొక పిల్లకు అన్నం మరీ ఎక్కువ. ఇరవై నిమిషాల విరామంలో చేతులు కడుక్కునే వరుసలోనే పది నిమిషాలు పోతాయి, ఇంకెప్పుడు తింటుంది? ఇంకొక పిల్ల స్కూల్లో మరుగుదొడ్డికి వెళ్ళలేక పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగదు. నీళ్ళు తాగని పిల్లకు అన్నం గొంతు దిగదు, నాలుగింటికి తలనొప్పి రాకా మానదు. వీటిలో ఏ ఒక్కటీ తల్లి మరో అరగంట ముందు లేచినంత మాత్రాన నయమయ్యేది కాదు.

ఇక మీ ప్రశ్నకు జవాబు. మీ వారి మాటలో సగం నిజం ఉంది, మీ అత్తగారి మాటలో సగం నిజం ఉంది. ఏం వండాలి, ఎప్పుడు వండాలి, అది శుభ్రంగా, పాడవకుండా ఉందా లేదా అన్నవి పెద్దవాళ్ళ పూచీ. పొయ్యి, కత్తి, కుక్కరు కూడా ఇంకా మీ చేతిలోనే ఉండాలి. ఎంత తినగలదో తెలిసింది తినేవాళ్ళకే. కనుక డబ్బాలో పెట్టుకోవడం, మూత బిగించడం, సాయంత్రం తెచ్చి కడగడం ఆమె పని. పెద్దలు ఏం పెట్టాలో చూసుకోవాలి, ఎంత తినాలో పిల్లలకు వదిలెయ్యాలి అని అమెరికాలో ఎలిన్ శాటర్ అనే పోషకాహార నిపుణురాలు 1980లలోనే పుస్తకం రాసి చెప్పింది.

రాత్రి భోజనాలయ్యాక "రేపు ఏం కావాలి?" అని మాత్రం అడక్కండి. నూడుల్స్ అంటుంది, మళ్ళీ పేచీ. "రేపు బీరకాయ కూరా, గుడ్డు పొరుటా?" అని అడగండి. రెండూ మీకు ఇష్టమైనవే, ఎంచుకున్నది మాత్రం తను. పొద్దున్న గిన్నెలు బల్ల మీద పెట్టి గరిటె ఆమె చేతికివ్వండి. రెండు గరిటెల అన్నమే పెట్టుకుంటే "అంతేనా?" అనకండి. రెండు గరిటెలు పెట్టుకుని రెండూ తిన్న పిల్ల, నాలుగు తీసుకెళ్ళి ఒకటి తిన్న పిల్ల కంటే మేలు కదా! తక్కువైన దానికి సాయంత్రం వేరుశనగ ఉండ, జామకాయ చేతిలో పెట్టండి.

అన్నీ తననే చేసుకోమని వదిలేస్తే మాత్రం ఏం జరుగుతుందో కూడా చూశాను. బస్సు హారన్ కొట్టేవేళకు రెండు బిస్కట్ ప్యాకెట్లు సంచిలో పడేసుకుని పరుగెత్తుతుంది. మీ వారికి ఈ సంగతి చెప్పండి.

అన్నయ్య డబ్బా సంగతి. ఆ అబ్బాయి మీ అమ్మాయి కంటే పెద్దవాడు, చేతులూ కాళ్ళూ బాగానే ఉన్నాయి. వాడి డబ్బా వాడు సర్దుకుంటే వచ్చే జబ్బు ఏదీ నా వైద్య పుస్తకాల్లో లేదు. చెల్లెలు నీరసంతో పడుకుంటుంటే ఆమె చేత రెండో డబ్బా కూడా సర్దించాలనుకోవడం నాకు నచ్చలేదు. ఈ ఒక్క ముక్క మీ వారికి చదివి వినిపించండి.

సర్దేది ఎవరైనా శుభ్రత విషయంలో జాగ్రత్త తప్పదు. ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఏడింటికి సర్దిన అన్నం తినేసరికి దాదాపు అయిదున్నర గంటలవుతుంది. ఎండాకాలంలో అది తక్కువ సమయం కాదు. రాత్రి వండి గట్టు మీద వదిలేసిన అన్నాన్ని పొద్దున్న పోపు పెట్టి పులిహోర చేసి పంపడం చాలా ఇళ్ళల్లో ఉంది. వద్దు. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి మొలకెత్తి విషాన్ని తయారు చేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. వాంతులు, కడుపునొప్పి అందువల్లే. (చద్దన్నాన్ని నిందిస్తున్నానని మీ అత్తగారు అనుకోవద్దని మనవి. అది నీళ్ళలోనో మజ్జిగలోనో పులిసి, పొద్దున్నే తినేసేది. దాని దారి వేరు.) పొద్దున్న వండిన అన్నాన్ని పళ్ళెంలో పది నిమిషాలు ఆరబెట్టి స్టీలు డబ్బాలో పెట్టండి. పొగలు కక్కుతుండగా మూత పెడితే ఆవిరి నీరై అన్నం చెమర్చి పాడవుతుంది. పెరుగన్నానికి బదులు గోరువెచ్చని అన్నంలో కాచిన పాలు పోసి చెంచాడు పెరుగు తోడు వేసి పంపండి. మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుంటుంది, పులవదు. కొబ్బరి పచ్చడి డబ్బాకు పనికిరాదు. పులుసు కూరలు ఇంట్లో తినడానికి ఉంచండి.

మీరు రాసిన నీరసం, ఆయాసం, తలనొప్పి డబ్బాతోనే పోతాయని నేను అనను. రజస్వల అయిన పిల్లల్లో ఇవి కనిపిస్తే ముందు రక్తహీనత ఉందేమో చూడాలి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15-19 ఏళ్ళ అమ్మాయిలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఈ వారమే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఈ వయసులో 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. మీరు అడిగిన టానిక్కు బజారులో కొనవద్దు. ఎంత మందు, ఎన్నాళ్ళు అన్నది పరీక్ష చూసి మీ డాక్టరు నిర్ణయించాలి. ప్రభుత్వ స్కూళ్ళలో ఆరో తరగతి నుంచి పిల్లలకు వారానికొక నీలం రంగు ఐరన్ మాత్ర, ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర ఇస్తారు. మీ అమ్మాయి స్కూల్లో ఇస్తున్నారో లేదో కనుక్కోండి. బహిష్టు ఎన్ని రోజులు ఉంటోంది, ఎక్కువగా పోతోందా అన్నది కూడా డాక్టరుకు దాచకుండా చెప్పండి.

ఉత్తరం చివర మీరు మామూలుగా రాసిన ఒక మాట నా దృష్టిలో పడింది. పొద్దున్న ఇడ్లీతో పాటు టీ ఇస్తున్నారట. టీలోని వగరు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. అది మానిపించండి. ఇవ్వక తప్పదంటే తిండికి ముందూ వెనకా గంట ఎడం ఉండాలి. తోటకూర పప్పు మీద నిమ్మరసం పిండితే అందులోని ఇనుము బాగా ఒంటపడుతుంది. సగం జామకాయ కూడా ఆ పనే చేస్తుంది, ముక్కలు కోసి డబ్బాలో పెట్టవచ్చు.

రెండు వారాలు ఇలా చేసి చూడండి. డబ్బాలో ఏదైనా మిగిలితే కోప్పడకుండా, మిగిలినదేమిటో ఇద్దరూ కలిసి చూడండి. మరుగుదొడ్డి భయమే కారణమైతే మీ వారిని స్కూలుకు పంపండి. నలుగురు తండ్రులు కలిసి వెళితే ఇంకా మంచిది. పరీక్ష ఫలితం వచ్చాక ఆ అంకె వేసి నాకు రాయండి.